మూడు చుట్టుకొలతలు సరిపోయినా ఒంటి మీద నిలవని గౌను: బాల్‌రూమ్ పోటీ దుస్తులపై ఒక కేస్ స్టడీ

తిరుపతిలో నృత్య దుస్తులు కుట్టే మా కేంద్రానికి వచ్చే పనిలో అధిక భాగం కూచిపూడి, భరతనాట్యం దుస్తులే. శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉన్న ఊరు కావడం వల్ల ఆ పనికి ఇక్కడ కొదవ ఉండదు. బాల్‌రూమ్ నాట్యానికి, అంటే స్త్రీ పురుషులు జంటగా ఒకరినొకరు పట్టుకుని చేసే పాశ్చాత్య నాట్యానికి, అందులోనూ పోటీకి, గౌను కావాలని వచ్చేవారు మాత్రం అరుదు. అందువల్ల ఈ పనిని మొదటి నుంచీ కొలతలతో సహా నమోదు చేసుకున్నాను. ఇటువంటి గౌనును ఆన్‌లైన్‌లో కొనదలచిన నర్తకులకూ, దానిని సరిచేయవలసి వచ్చే దర్జీలకూ ఈ వివరాలు పనికివస్తాయని రాస్తున్నాను. గౌను యజమానురాలి అనుమతి తీసుకున్నాను. ఆమె పేరు ఇవ్వడం లేదు.

ఆమె వయసు ఇరవై ఆరు, ఎత్తు 158 సెంటీమీటర్లు. వారాంతాల్లో చెన్నై వెళ్లి అక్కడి శిక్షకుని వద్ద స్టాండర్డ్ విభాగంలోని అయిదు నాట్యాలనూ, అంటే వాల్ట్జ్, టాంగో, వియన్నీస్ వాల్ట్జ్, స్లో ఫాక్స్‌ట్రాట్, క్విక్‌స్టెప్‌లను అభ్యసిస్తున్నారు. మా వద్దకు తెచ్చిన గౌను విదేశంలో ఒక నర్తకి వాడి అమ్మినది. అమ్మకందారు పంపిన పట్టికలో ఛాతీ 86, నడుము 68, తుంటి 92 సెంటీమీటర్లని ఉంది. ఆమె కొలతలూ దాదాపు అవే. కొనేటప్పుడు ఆమె చూసినవి కూడా ఆ మూడే. అద్దం ముందు చేతులు దించి నిలబడితే గౌను చక్కగానే కనిపించింది. ఆమె చెప్పిన ఇబ్బంది ఆమె మాటల్లోనే ఇది: "నిలబడితే బాగానే ఉండాది అక్కా, చేతులెత్తినానంటే మాత్రం మొత్తం పైకొచ్చేస్తాది. పాట అయిపోయేదాకా దాన్ని ఎప్పుడు కిందికి లాక్కుందామా అనే ఉంటాది."

దీనితోపాటు మరొక విషయం కూడా ఆమె యాదృచ్ఛికంగా చెప్పారు. ఆ గౌను వేసుకున్న రోజున శిక్షకుడు పదేపదే భుజాలు దించమని హెచ్చరిస్తున్నారని, మామూలు అభ్యాస దుస్తుల్లో ఉన్నప్పుడు అలా అనడం లేదని అన్నారు. నాకు ఇదే ముఖ్యమైన ఆధారంగా తోచింది. రెండు రోజుల వీడియోలనూ తెప్పించుకుని చూశాను. రెండింటిలోనూ ఆమె భుజాల ఎత్తులో తేడా లేదు. గౌను వేసుకున్నప్పుడు మాత్రం చేతులెత్తగానే భుజం కుట్టు దగ్గర బట్ట కుప్పగా లేచి మెడ పొట్టిగా కనిపిస్తోంది. అంచుల్లో నిలబడి చూసే న్యాయనిర్ణేతకు ఆ కుప్ప బట్టదా, భుజానిదా అన్నది తెలిసే అవకాశం లేదు. అమరని గౌను నర్తకి నేర్చుకున్న నిలకడను కూడా తప్పుగా చూపిస్తుంది. కనుక ఇది కేవలం సౌకర్యానికి సంబంధించిన సమస్య కాదు.

పరీక్షను మేము నిలబడిన స్థితిలో చేయలేదు. కూచిపూడి పైజామాకు కొలత తీసేటప్పుడు పిల్లను అరమండిలో కూర్చోబెట్టి తీసినట్లే, బాల్‌రూమ్ గౌనుకు కొలత ఆ నాట్యపు పట్టులోనే, అంటే చేతులెత్తి భాగస్వామిని పట్టుకునే భంగిమలోనే తీయాలి. ఆమె నడుముకు అసలైన నడుము గీత మీద ఒక సన్నని ఎలాస్టిక్ కట్టి, దానికి ఎదురుగా గౌను మీద సుద్దతో గుర్తు పెట్టాము. ఆమె భాగస్వామి రాలేదు కాబట్టి మా సహాయకురాలి సాయంతో చేతులను పట్టు స్థితిలోకి ఎత్తించాము. సుద్ద గీత ఎలాస్టిక్‌కు పైన 4.5 సెంటీమీటర్లకు చేరింది. చేతులు దించినప్పుడు అది మొదటి చోటికి తిరిగి రాలేదు, 2 సెంటీమీటర్ల పైనే ఆగిపోయింది. రెండు మూడు సార్లు ఎత్తి దించేసరికి నడుము చుట్టూ ముడతలు పేరుకున్నాయి. ఎలాస్టిక్ ముక్క, సుద్ద తప్ప ఈ పరీక్షకు మరేమీ అక్కరలేదు. గౌను చేతికి రాగానే ఎవరైనా ఇంట్లోనే చేసుకోవచ్చు.

మొదటి కారణం గౌను లోపలి భాగంలో దొరికింది. పోటీ గౌన్లలో పైభాగం విడిగా ఉండదు. ఈత దుస్తుల వంటి బాడీసూట్ మీద అది కట్టబడి ఉంటుంది. కాళ్ల మధ్యగా వచ్చే ఆ బాడీసూటే గౌనును కిందికి పట్టి ఉంచుతుంది. దీనికి కావలసిన కొలత ఏ పట్టికలోనూ సాధారణంగా కనిపించదు: భుజం మధ్య నుంచి ముందువైపుగా దిగి, కాళ్ల మధ్య నుంచి వెళ్లి, వెనుక వైపు నుంచి అదే భుజానికి చేరే మొండెపు నిలువు చుట్టుకొలత. ఆమెకు అది 146 సెంటీమీటర్లు. గౌనులోని బాడీసూట్‌ను బల్ల మీద సాగదీయకుండా పరచి కొలిస్తే 151 వచ్చింది. సాగే బట్టతో చేసిన బాడీసూట్ ఒంటి కొలత కంటే చిన్నదిగా ఉండాలి, అప్పుడే అది బిగువుతో నిలుస్తుంది. ఇక్కడ అది ఒంటి కంటే పెద్దదిగా ఉంది. ఆ గౌను మొదట 172 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి కుట్టిందని అమ్మకందారు తర్వాత తెలిపారు. ఎత్తులో 14 సెంటీమీటర్ల తేడా ఉన్న ఇద్దరికి ఛాతీ, నడుము, తుంటి ఒకటే కావడంలో వింత లేదు. ఆ మూడు చుట్టుకొలతలూ సరిపోవడం వల్లనే గౌను సరిపోయిందన్న భ్రమ కలిగింది.

రెండవ కారణం చంక దగ్గర ఉంది. మా వద్దకు వచ్చేవారిలో చాలామందికి, కొందరు దర్జీలకు కూడా, దీని మీద విరుద్ధమైన నమ్మకం ఉంది కనుక కొంచెం వివరంగా చెప్పాలి. చేయి బాగా ఆడాలంటే చంక లోతుగా, వదులుగా ఉండాలని అనుకుంటారు. వాస్తవం దీనికి పూర్తిగా వ్యతిరేకం. చేయి పక్కకు లేచినప్పుడు నడుము నుంచి మోచేతి వరకు ఒంటి పక్కనున్న దూరం పెరుగుతుంది. చంక కుట్టు చేయి కీలుకు దగ్గరగా, పైన ఉంటే చేతితోపాటు అది కదిలే దూరం స్వల్పం. పెరిగిన దూరాన్ని చేతి బట్ట తనలో ఇముడ్చుకుంటుంది. కుట్టు కిందికి దిగిన కొద్దీ చేతి బట్ట అడుగు భాగం పొట్టిదవుతుంది, చేయి లేవగానే అది పక్క కుట్టును, దానితోపాటు మొత్తం పైభాగాన్ని లాక్కుపోతుంది. ఈ గౌనులో చంక కుట్టు ఆమె చంకకు 4.5 సెంటీమీటర్ల కింద ఉంది. పొడవు ఎక్కువైన బాడీసూట్ జారడం వల్ల అది మరింత దిగింది.

చేతి పైగుండ్రం, అంటే భుజానికి కలిపే చోట చేతి బట్టకు ఉండే వంపు, దాని ఎత్తు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. రవికెకు చేయి కత్తిరించేటప్పుడు, చేయి దించి ఉన్నప్పుడు ముడత లేకుండా నిలవడం కోసం పైగుండ్రాన్ని ఎత్తుగా ఉంచుతాము. పెళ్లిలో, ఫోటోలో చేతులు దించే ఉంటాయి కనుక అది సరైన పద్ధతే. బాల్‌రూమ్ స్టాండర్డ్ విభాగంలో నర్తకి చేతులు పాట మొదలు నుంచి చివరి వరకు దాదాపు ఎత్తే ఉంటాయి. ఇక్కడ పైగుండ్రాన్ని తగ్గించి, చేతి వెడల్పును పెంచాలి. చేయి దించినప్పుడు చంక దగ్గర కొన్ని ముడతలు తప్పక పడతాయి. ఆ ముడతలను లోపంగా భావించి సరిచేయబోతే నాట్యంలో గౌను మళ్లీ పైకి లేస్తుంది. ఈ విషయాన్ని ఆమెకు ముందే చెప్పి, అద్దం ముందు కనిపించే ఆ ముడతలకు ఒప్పించిన తర్వాతే కత్తెర పట్టాము.

కొన్న గౌనులో ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నది తర్వాతి ప్రశ్న. బాడీసూట్‌ను పొట్టి చేయవచ్చు గానీ, చంక కుట్టును పైకి జరపడం సాధ్యం కాదు. కత్తిరించి పోయిన బట్టను తిరిగి తేలేము. చంక కింద వజ్రాకారపు ముక్క చేర్చే మార్గం ఉంది గానీ, పైభాగమంతా రాళ్లు అతికించి ఉన్నందున ఆ అతుకు కొట్టొచ్చినట్లు కనిపించేది. కనుక పైభాగం పూర్తిగా కొత్తది కుట్టాలని, కింది భాగాన్ని నిలుపుకోవాలని నిర్ణయించాను. ఆ కింది భాగం నిజంగా మంచి పనితనంతో కుట్టినది. క్రాస్‌లో (నేతకు ఏటవాలుగా) కత్తిరించిన మెత్తని జార్జెట్ పొరలు, దిగువకు వెడల్పయ్యే కలీ ముక్కలు, అంచులో దాన్ని బిరుసుగా విచ్చి ఉంచే క్రినోలిన్ టేపు. అటువంటి అంచును కొత్తగా తయారు చేయాలంటే పైభాగానికంటే ఎక్కువ ఖర్చయ్యేది.

కింది భాగం 8 సెంటీమీటర్లు ఎక్కువ పొడవుంది. అంచున కత్తిరించి మడిచి కుట్టడం సులభమే. అలా చేస్తే క్రినోలిన్ టేపు పోతుంది, ఘేరు (అంచు చుట్టూ ఉండే విస్తారం) తగ్గుతుంది, అంతకంటే ముఖ్యంగా కలీలు విచ్చుకునే చోటు మారదు. నడుముకు 10 సెంటీమీటర్ల దిగువన ఉన్న అతుకు నుంచి 50 సెంటీమీటర్ల కింద ఆ కలీలు మొదలవుతున్నాయి. పొడవైన నర్తకికి అది సరిగ్గా మోకాలు. ఈమెకు మోకాలికి 5 సెంటీమీటర్ల కింద. ఇరుకైన భాగం మోకాళ్లను చుట్టి ఉన్నప్పుడు ఫాక్స్‌ట్రాట్‌లో వెనక్కి వేసే పొడవైన అడుగు పొట్టిదైపోతుంది. దీనికి ఒకటే మార్గం: 8 సెంటీమీటర్లనూ పైనుంచే తీయడం. అప్పుడు కలీలు మోకాలికి 3 సెంటీమీటర్ల పైన మొదలవుతాయి. పైన కత్తిరించిన చోట చుట్టుకొలత పెరుగుతుంది కాబట్టి ప్రతి నిలువు కుట్టు వద్దా కొంచెం కొంచెంగా లోపలికి తీసుకున్నాము. ఒకే చోట తీస్తే బట్ట అడ్డదిడ్డంగా వేలాడుతుంది.

కొత్త పైభాగానికి బట్టను చెన్నై గోడౌన్ వీధిలో ఎంచుకున్నాము. నాలుగు వైపులా సాగే లైక్రా క్రేప్ కావాలి. ప్రతి థాను నుంచి 10 సెంటీమీటర్ల ముక్కను సాగదీసి చూశాము. 16 వరకు సాగి వదిలినప్పుడు సరిగ్గా 10కి తిరిగి వచ్చినదాన్ని తీసుకున్నాము. సాగడం ఎంత ముఖ్యమో, తిరిగి రావడం అంతకంటే ముఖ్యం. తిరిగి రాని బట్ట రెండవ పాటకే వదులవుతుంది. మన ఊరి ఎండలో అభ్యాసం చేసేవారికి వెల్వెట్ వద్దని కూడా చెప్పాను. మెడ, వీపు, చేతులకు వేసే సన్నని జాలీ బట్టలో చర్మపు రంగు పేరుతో దొరికేది తెల్లని చర్మానికి తగినది. ఆమెకు అది బూడిద పూసినట్లు కనిపించింది. నైలాన్ జాలీ తెల్లటిది తీసుకుని, ఆసిడ్ రంగులో వెనిగర్ కలిపి, మరిగించకుండా వేడినీటిలో అద్దకం వేసి, మోచేతి పైభాగపు చర్మంతో పగటి వెలుగులోనూ దీపపు వెలుగులోనూ పోల్చి చూసుకున్నాము. మరిగే నీటిలో వేస్తే సాగే దారం పట్టు కోల్పోతుంది. పాలిస్టర్ జాలీ ఈ రంగును పట్టదు, కనుక కొనేటప్పుడే అడిగి తెలుసుకోవాలి. వీపు తెరిచి ఉంటుందేమోనని ఆమె తల్లికి ఉన్న సంకోచం కూడా ఈ జాలీతో తీరింది.

బాడీసూట్‌ను 146కు ఎనిమిది శాతం తగ్గించి 134 సెంటీమీటర్లుగా కత్తిరించాము. చంక కుట్టును చంకకు ఒకటిన్నర సెంటీమీటరు కింద నిలిపాము. ముందు వెనుకలు, కుడి ఎడమలు సమానంగా కత్తిరించలేదు. పట్టులో స్త్రీ ఛాతీని ఎత్తి, పైభాగాన్ని వెనక్కి, తన ఎడమవైపుకు విప్పుకుంటుంది. తల కూడా ఎడమకే తిరిగి ఉంటుంది. ఆ స్థితిలో ఆమెను కొలిస్తే ముందు భాగం 2 సెంటీమీటర్లు పెరిగింది, వీపు తగ్గింది, కుడి పక్క ఎడమ పక్కకంటే ఒకటిన్నర సెంటీమీటరు పొడవైంది. వీపు దగ్గర మిగిలే బట్టను తీసివేయకపోతే మెడ వెనుక బుడగలా లేస్తుంది. బాల్ పాయింట్ సూదితో సన్నని జిగ్‌జాగ్, దానిపై ఓవర్‌లాక్ వేశాము. మామూలు కుట్టు వేస్తే సాగినప్పుడు దారం తెగుతుంది.

కచ్చా కుట్టు మీద ట్రయల్‌ను ఊళ్లోనే ఒక ఫంక్షన్ హాలులో, భాగస్వామి సమక్షంలో, పోటీ వేగంతో పాటలు పెట్టి జరిపాము. ఇది అనవసరమైన హంగు కాదు. వియన్నీస్ వాల్ట్జ్ నిమిషానికి 58 నుంచి 60 బార్ల (పాటలోని తాళపు ఆవర్తాల) వేగంతో సాగుతుంది, క్విక్‌స్టెప్ 50 నుంచి 52. కుట్టు గదిలో నెమ్మదిగా తిరిగితే బయటపడని లోపాలు ఆ వేగంలో బయటపడతాయి. నడుము గీత ఈసారి ఒక సెంటీమీటరు కూడా లేవలేదు, చేతులు దించగానే యథాస్థానానికి వచ్చింది. వియన్నీస్ వాల్ట్జ్‌లో కుడి తిరుగుడు నుంచి ఎడమ తిరుగుడుకు మారే చోట పైపొరలు విడివడి తిరుగుతున్నా, లోపలి లైనింగ్ మాత్రం చెమటకు తొడలకు అంటుకుని మోకాళ్ల మధ్య మెలిపడింది. లైనింగ్‌ను పైపొర కంటే 10 సెంటీమీటర్లు పొట్టి చేసి, దాని అంచుకు కూడా సన్నని క్రినోలిన్ టేపు వేయడంతో అది కాళ్లకు దూరంగా నిలిచింది.

అంచు ఎత్తును కూడా అక్కడే, ఆమె పోటీకి వేసుకునే రెండున్నర అంగుళాల మడమ బూట్లతో, పట్టులో ఉండగానే గుర్తించాము. ఒళ్లు వెనక్కి విచ్చుకున్నప్పుడు ముందు అంచు లేస్తుంది, వెనుక అంచు దిగుతుంది. ఈమె విషయంలో వెనుక 2.5 సెంటీమీటర్లు దిగింది. స్టాండర్డ్ నాట్యాల్లో స్త్రీ ఎక్కువగా వెనక్కి నడుస్తుంది కనుక ఆ దిగిన అంచు మీద ఆమె మడమే పడే ప్రమాదం ఉంది. క్రాస్‌లో కత్తిరించిన బట్ట తన బరువుకు తాను సాగుతుంది కాబట్టి, పైన కొత్తగా అతికిన తర్వాత గౌనును రెండు రోజులు హ్యాంగరుకు వేలాడదీసి ఉంచి, ఆపైనే అంచును సరిచేశాము. ఆ రెండు రోజులు ఆగే ఓపిక లేనివారు ఈ పని చేపట్టకపోవడం మంచిది.

అలంకరణ విషయంలో తల్లిగారు ఒక కోరిక కోరారు. తమ ఇంట్లో భద్రంగా ఉన్న వెంకటగిరి చీర జరీ అంచును గౌను అంచుకు కుట్టమన్నారు. ఆ అంచు అందమైనదే, ఆమె కోరికా సహజమైనదే. కానీ నేత అంచు సాగదు. క్రాస్ బట్ట అంచుకు దాన్ని కుడితే ఘేరు బిగుసుకుపోతుంది, జరీ దారం జార్జెట్‌ను పీకుతుంది. అందుకు బదులుగా ఆ చీరలోని మామిడి పిందె బుటాను కాగితం మీద దింపుకుని, దాని ఆకారంలో రాళ్లు అతికిద్దామని సూచించాను. ఆమె సంతోషంగా ఒప్పుకున్నారు.

రాళ్లు ఎక్కడ అతికించకూడదో తెలియడం ఇక్కడ ప్రధానం. స్టాండర్డ్ పట్టులో ఇద్దరి కుడి ముందు భాగాలు, పక్కటెముకల కింది నుంచి తొడ పైభాగం వరకు, ఒకదానికొకటి తాకుతూ ఉంటాయి. ఆ మేర రాయి గానీ, హుక్కు గానీ, మందమైన అతుకు గానీ ఉండకూడదు. అవి పురుషుని కోటును గీరుతాయి, ఒక్కోసారి చిక్కుకుంటాయి. పురుషుని కుడి చేయి స్త్రీ ఎడమ భుజపు ఎముక మీద నిలుస్తుంది. అక్కడ రాళ్లున్నా, జారే శాటిన్ ఉన్నా చేయి కుదురుగా నిలవదు. అందుచేత బుటాలను వీపు కుడివైపున, ముందు ఎడమ తుంటి మీద, చేతుల పైభాగంలో అమర్చాము. వాడినవి ఎస్ఎస్16, ఎస్ఎస్20 సైజులు, అంటే సుమారు 4, 4.7 మిల్లీమీటర్ల రాళ్లు. గౌనును ఆమె కొలతకు దూది చుట్టి లావు చేసిన బొమ్మకు తొడిగి, బట్ట సాగి ఉన్న స్థితిలోనే అతికించాము. బల్ల మీద పరచి అతికిస్తే, వేసుకున్నప్పుడు బట్ట సాగి జిగురు పగులుతుంది, రాళ్లు రాలుతాయి. పిల్లల విభాగాల్లో పోటీ నియమాలు ఇటువంటి అలంకరణను నిషేధిస్తాయి కాబట్టి, చిన్నవారికి కుట్టించేవారు నియమావళిని ముందే చదువుకోవాలి.

పోటీ రోజున ఆమె అయిదు నాట్యాలూ పూర్తి చేశారు. తర్వాత పంపిన వీడియోలో ఎక్కడా ఆమె చేయి గౌనును సర్దడానికి వెళ్లలేదు. చేతులెత్తిన ప్రతిసారీ మెడ నుంచి భుజం వరకు గీత స్పష్టంగా కనిపించింది. ఆ తర్వాతి తరగతుల్లో శిక్షకుడు పాదాల గురించే తప్ప భుజాల గురించి మాట్లాడలేదని ఆమె చెప్పారు. గౌను మా వద్దకు తిరిగి వచ్చినప్పుడు ముందు భాగంలో మధ్య గీతకు దగ్గరగా ఉన్న రెండు రాళ్లు రాలి ఉన్నాయి. భాగస్వామి శరీరం మేము గుర్తించిన హద్దుకు కొంచెం ఇవతలి వరకు తాకుతున్నదని దాని వల్ల తెలిసింది. ఆ రెంటినీ తిరిగి అతికించలేదు. పక్కనున్న మరో మూడింటిని కూడా తీసి, బుటాను ఎడమకు జరిపాము.

ఉతకడానికి చల్లని నీటిలో కొద్దిగా షాంపూ వేసి, పిండకుండా తువ్వాలులో చుట్టి నీరు తీసి, పరచి ఆరబెట్టమని చెప్పాను. తడి గౌనును దండెం మీద వేలాడదీస్తే ఘేరు మళ్లీ సాగుతుంది. పక్క కుట్లలో రెండు వైపులా ఒక్కో సెంటీమీటరు మార్జిన్ వదిలి ఉంచాము. ఒంటి బరువు మారినా చుట్టుకొలతను అందులో సర్దవచ్చు, నిలువు కొలత మాత్రం అంతగా మారదు. తర్వాతి పోటీకి ముందు ఎలాస్టిక్ కట్టి చేసే పరీక్షను భాగస్వామితో కలిసి మరోసారి చేయడానికి రమ్మని ఆమెకు చెప్పి గౌను అప్పగించాము.